రాళ్ల నగ కొనడం, చూసుకోవడం: కాటా దగ్గర నుంచి లాకర్ దాకా

"పాత కెంపుల హారం మార్చడానికి తీసుకెళ్తే రాళ్లన్నీ పీకేసి ఒట్టి బంగారానికే లెక్క కట్టారు. మరి కొన్నప్పుడు రాళ్లకు విడిగా డబ్బు ఎందుకు తీసుకున్నట్టు?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. అడిగిన వాళ్లలో ఎక్కువమంది రాయి అసలుదా నకిలీదా అన్న టెన్షన్‌లో ఉంటారు. నిజానికి డబ్బు పోయేది చాలాసార్లు అక్కడ కాదు, కాటా దగ్గరా బిల్లు దగ్గరా.

రాళ్ల నగ అంటే రెండు వస్తువులు. బంగారం ఒకటి, రాళ్లు ఇంకొకటి. రెండూ ఒకే పెట్టెలో వస్తాయి కాబట్టి ఒకే ధర అనుకుని ఇచ్చేస్తాం. కింద చెప్పిన వరుస అంతా ఆ రెంటినీ కాగితం మీద విడదీసుకోవడానికే.

1. షాపుకు వెళ్లకముందు ఇంట్లో తేల్చుకోవాల్సినవి

ముందు ఒక్క ప్రశ్న. ఈ నగ రోజూ పెట్టుకుంటారా, పెళ్లిళ్లకూ పండగలకూ మాత్రమేనా?

రాళ్ల గట్టిదనాన్ని మోస్ స్కేలు మీద 1 నుంచి 10 దాకా కొలుస్తారు. వజ్రం 10. కెంపు, నీలం 9. వైడూర్యం 8.5. పచ్చ 7.5 నుంచి 8. గోమేధికం 7కు అటూ ఇటూ. పగడం 3, 4 మధ్య. ముత్యం 2.5 నుంచి 4.5 లోపే.

ఇంట్లో పేరుకునే దుమ్ములో క్వార్ట్జ్ ఇసుక రేణువులు ఉంటాయి. వాటి గట్టిదనం 7. అంటే 7 కన్నా మెత్తటి రాయిని దుమ్ముతో సహా గుడ్డ పెట్టి తుడిచినా సన్నటి గీతలు పడతాయి. అంట్లు తోమే చేతికి ముత్యపు ఉంగరం, పగడపు ఉంగరం పెట్టుకుంటే మెరుపు త్వరగా పోవడానికి ఒక కారణం ఇదే.

గట్టిదనం వేరు, పగలకుండా ఉండటం వేరు. పచ్చ గట్టిదే, కానీ దాని లోపల సహజంగానే పగుళ్లు ఉంటాయి. తలుపుకు తగిలితే అంచు లేచిపోతుంది. రోజూ పెట్టుకునే ఉంగరానికి నేనైతే కెంపో నీలమో చెప్తాను. పచ్చ మీద మనసుంటే కమ్మలకో లాకెట్‌కో పెట్టించుకోండి, అక్కడ దెబ్బలు తగలవు.

వెంట తీసుకెళ్లాల్సినవి:

- పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం. షాపుల్లో లూప్ అంటారు, కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది
- ఫోన్ టార్చి, క్యాలిక్యులేటర్
- ఒక తెల్ల కాగితం
- ఆ రోజు 22 క్యారెట్ల బంగారం గ్రాము రేటు, ఇంట్లోనే రాసుకుని
- "ఇవాళ కొనకపోయినా ఫర్వాలేదు" అనుకునే మనిషి ఒకరు. ఇది సరదాకి చెప్పడం లేదు

2. "కెంపు" అంటే ఏ కెంపు?

షాపులో మాటలు చాలా మెత్తగా ఉంటాయి. ఎర్రగా ఉన్న ప్రతిదీ కెంపే, ఆకుపచ్చగా ఉన్న ప్రతిదీ పచ్చే. డాన్సు సెట్లలో, టెంపుల్ నగల్లో కనిపించే కెంపులు చాలావరకు రంగు అద్దాలో, తయారు చేసిన రాళ్లో అయి ఉంటాయి. అందులో తప్పేమీ లేదు, ధర కూడా దానికి తగ్గట్టు ఉన్నంతవరకు.

మన పెద్దవాళ్లు వాడే "జాతిరాయి" అన్న మాట బాగుంటుంది కానీ బిల్లు మీద అది చాలదు. ప్రతి రాయిని ఈ నాలుగు గంపల్లో ఒకదాంట్లో వేయించండి:

- సహజం, ఏ మార్పూ చేయనిది. అరుదు, ధర ఎక్కువ.
- సహజం, మెరుగుపరచినది. మార్కెట్‌లో కెంపులు, నీలాలు ఎక్కువగా కాల్చినవే. పచ్చలకు పగుళ్లు కనపడకుండా నూనె పట్టిస్తారు. ఇవి వ్యాపారంలో ఒప్పుకున్న పద్ధతులే, దాచకుండా చెప్పాలి అంతే.
- ల్యాబ్‌లో తయారైనది. రసాయనికంగా అసలుదే, పుట్టింది మాత్రం భూమిలో కాదు. మంట మీద కరిగించి కెంపు చేసే వెర్నాయ్ పద్ధతి 1902 నుంచీ ఉంది. కాబట్టి "మా అమ్మమ్మ కాలం నాటిది, అసలుదే అయి ఉంటుంది" అన్న వాదన నిలవదు.
- నకిలీ. అద్దం, ప్లాస్టిక్, రంగు వేసిన వేరే రాయి. ఆకుపచ్చ రంగు వేసిన ఓనిక్స్ పూసలు పచ్చల పేరుతో తిరుగుతుంటాయి.

రెండో గంపలోనే ఒక ముల్లు ఉంది. పగుళ్లు నిండా ఉన్న నాసిరకం కెంపులో సీసం కలిపిన గాజు నింపుతారు. చూడ్డానికి పెద్దగా, ఎర్రగా, చవగ్గా ఉంటుంది. నిమ్మరసానికీ, కంసాలి ఆమ్లానికీ, మంటకూ ఆ గాజు తట్టుకోలేదు. "ఇందులో గ్లాస్ ఫిల్లింగ్ ఉందా?" అని సూటిగా అడగండి. జవాబు చెప్పకుండా నీళ్లు నమిలితే ఆ రాయికి రాయి ధర ఇవ్వొద్దు.

"హైడ్రో", "రష్యన్" లాంటి ముందుమాటలు తగిలించి చెప్తే ఒకే ప్రశ్న వేయండి: భూమిలో దొరికిందా, తయారు చేసిందా, అద్దమా?

3. షాపులో రాయిని చూసే వరుస

ఒకటి, లైట్ల కింద నుంచి బయటికి రండి. పసుపు లైటు కెంపును రగిలిస్తుంది, తెల్ల స్పాట్ లైటు ఏ మామూలు రాయినైనా మెరిపిస్తుంది. గుమ్మం దగ్గర పగటి వెలుతురులో, తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. రాత్రి ఎనిమిదింటికి రంగురాళ్ల నగ ఖాయం చేసుకోవద్దు.

రెండు, నగను తిరగేయండి. రాయి వెనక తెరిచి ఉందా, మూసేసి ఉందా? మూసి ఉంటే కింద రేకు వేసి ఉండొచ్చు, మీరు చూస్తున్న రంగులో సగం ఆ రేకుదే కావచ్చు. మూత సెట్టింగ్‌లో ఉన్న రాయిని పొదగకముందు తీసిన రిపోర్టు లేకుండా ఖరీదైన రాయిగా లెక్క కట్టకండి.

మూడు, లూప్. దాన్ని కంటికి దాదాపు ఆనించి, నగను రెండున్నర సెంటీమీటర్ల దూరానికి తెచ్చుకోండి. చాలామంది చేసే పొరపాటు భూతద్దాన్ని పేపర్ చదివినట్టు దూరంగా పట్టుకోవడం. అప్పుడు ఏమీ కనపడదు.

లోపల ఏం చూడాలంటే:

- గుండ్రటి గాలిబుడగలు: అద్దం, గాజు నింపిన కెంపు, లేదా మంట పద్ధతిలో చేసిన రాయి
- గ్రామఫోన్ రికార్డు మీద ఉన్నట్టు వంకర గీతలు: మంట పద్ధతిలో చేసిన రాయి
- అటూ ఇటూ వంచితే పగుళ్ల వెంట నీలంగానో నారింజగానో తళుక్కుమనడం: గాజు నింపిన గుర్తు
- రంగు అంతా పగుళ్లలోనే పేరుకుని ఉండటం: రంగు వేసినది
- పట్టుదారాల్లాంటి సన్నటి సూదులు: సహజ కెంపు, నీలాల్లో ఉండే మంచి గుర్తు

పచ్చ విషయంలో లెక్క తిరగబడుతుంది. గీతలూ నలకలూ లేని పెద్ద పచ్చ తక్కువ ధరకు ఇస్తామంటే అదే అనుమానించాల్సిన సంగతి. మంచి పచ్చలో కూడా చిన్న తోటలాంటి గీతలుంటాయి.

నాలుగు, రాయిని నిటారుగా చూడండి. మధ్యలో రంగు లేకుండా కిటికీలా ఖాళీగా కనిపించి కింద కాగితం తెలిసిపోతుంటే బరువు మిగుల్చుకోవడానికి కోతలో రాజీపడ్డారని అర్థం. ఆ కోతకు పూర్తి ధర ఇవ్వక్కర్లేదు, బేరం ఆడండి.

ఐదు, పట్టు. నగను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపండి, రాయి వదులుగా ఉంటే చిన్న చప్పుడు వస్తుంది. చున్నీ అంచును రాళ్ల మీదుగా లాగండి. దారం చిక్కుకుంటే రాయిని పట్టుకునే గోళ్లలో ఒకటి లేచి ఉన్నట్టు.

రవ్వల నగలకు ఒక్క హెచ్చరిక చాలు. వంద సెంట్లు ఒక క్యారెట్. "మొత్తం ఒక క్యారెట్ రవ్వలు" అంటే యాభై చిన్న రవ్వలు కావచ్చు. ఒకే రాయి ఒక క్యారెట్ ఉంటే దాని ధర దానికి ఎన్నో రెట్లు. గుండ్రటి ఒక క్యారెట్ వజ్రం అడ్డకొలత సుమారు 6.5 మిల్లీమీటర్లు. ఎన్ని రాళ్లు, ఒక్కోటి ఎన్ని సెంట్లు అని రాయించుకోండి. షాపులో పెన్నులాంటి టెస్టర్ పెట్టి "బీప్" అనిపిస్తారు చూడండి, వేడి ఆధారంగా పనిచేసే ఆ పరికరం మొయిసనైట్‌ని (వజ్రంలా కనిపించే తయారీ రాయి) కూడా వజ్రమనే చెప్పగలదు. ల్యాబ్‌లో తయారైన వజ్రాన్ని అది అసలు విడదీయలేదు.

4. ఇంటి పరీక్షలు: పనికొచ్చేది ఒక్కటే

పాలలో వేస్తే పాలు ఎర్రగా కనిపించాలి, నోటి ఆవిరి పడితే వెంటనే పోవాలి, అద్దం మీద గీస్తే గీత పడాలి అంటుంటారు. వీటిలో ఏదీ సహజ కెంపును తయారు చేసిన కెంపు నుంచి విడదీయదు, ఎందుకంటే రెండూ ఒకే పదార్థం. గీసి చూడటం వల్ల మంచి రాయి అంచు పాడవుతుంది, అంతే.

విడి రాయి చేతిలో ఉంటే మాత్రం ఒక తూకం ఉంది. 0.01 గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ కాటా కావాలి.

1. రాయిని పొడిగా తూచి రాసుకోండి. ఉదాహరణకు 1.20 గ్రాములు, అంటే 6 క్యారెట్లు.
2. చిన్న గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి.
3. రాయిని సన్నటి దారానికి కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకూ అంచుకూ తగలకుండా వేలాడదీయండి. రాయికి బుడగలు అంటుకుంటే విదిలించండి.
4. కాటా చూపే అంకెతో మొదటి బరువును భాగించండి.

కాటా 0.30 చూపిందనుకోండి. 1.20ని 0.30తో భాగిస్తే 4.0. కెంపు, నీలం సాంద్రత అదే. 0.48 వస్తే 2.5, మామూలు అద్దం. వజ్రానికి 3.52, అమెరికన్ డైమండ్ అని పిలిచే సీజెడ్‌కు 5.6 పైన, క్వార్ట్జ్‌కు 2.65.

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాల కోసం తిరిగేవాళ్లకు దొరికే తెల్లరాళ్లు ఎక్కువగా క్వార్ట్జే. 2.65 వస్తే ఆశ వదులుకోవచ్చు. అయితే ఒక క్యారెట్ అంత చిన్న రాయికి ఈ కాటా చాలదు, 0.001 గ్రాము చూపేది కావాలి.

హద్దులు కూడా తెలుసుకోండి. పచ్చ సాంద్రత 2.72, క్వార్ట్జ్‌కు, కొన్ని అద్దాలకు మరీ దగ్గర, కాబట్టి ఈ తూకం పచ్చకు పనిచేయదు. సీసం గాజు అంకెల్ని తారుమారు చేస్తుంది. 4.0 వచ్చినా సహజమో కాదో తెలియదు. ముత్యాన్నీ పగడాన్నీ నీళ్లలో వేయొద్దు.

5. కాటా దగ్గర

ఇది నిదానంగా చదవండి. అసలు డబ్బంతా ఇక్కడుంది.

క్యారెట్ అన్న మాట రెండు అర్థాల్లో వాడతారు. బంగారానికి అది స్వచ్ఛత, 24 భాగాల్లో ఎన్ని భాగాలు అని. రాయికి అది బరువు: ఒక క్యారెట్ 0.2 గ్రాము, గ్రాముకు ఐదు క్యారెట్లు. జాతకం కోసం రాయి కొనేవాళ్లకు రత్తి లెక్క చెప్తారు. రత్తి అంటే గురివింద గింజ ఎత్తు, అది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. క్యారెట్లలోనే చెప్పమనండి.

నగ ట్యాగ్ మీద మూడు బరువులుంటాయి: మొత్తం బరువు, రాళ్ల బరువు, నికర బరువు. షాపువాళ్లు గ్రాస్, స్టోన్, నెట్ అంటారు. బంగారం రేటు, తరుగు రెండూ నెట్ మీదే పడాలి.

ఒక లెక్క చూద్దాం. సులువుగా ఉండాలని బంగారం గ్రాము పది వేలు అనుకుందాం.

హారం మొత్తం 46 గ్రాములు. అందులో కెంపులు 30 క్యారెట్లు, ముత్యాలు 10 క్యారెట్లు. మొత్తం 40 క్యారెట్లు, ఐదుతో భాగిస్తే 8 గ్రాములు. నెట్ 38 గ్రాములు రావాలి.

ట్యాగ్ మీద రాళ్ల బరువు 5 గ్రాములు అని ఉంటే నెట్ 41 అవుతుంది. మూడు గ్రాముల రాయికి బంగారం రేటు కట్టినట్టు: 30,000. దాని మీద తరుగు 14 శాతం, 4,200. పైన జీఎస్టీ 3 శాతం, 1,026. మొత్తం 35,226 రూపాయలు. ఆ మూడు గ్రాముల రాళ్లకే "స్టోన్ చార్జీలు" అని మళ్లీ విడిగా తీసుకుంటారు కూడా.

దీన్ని పట్టుకోవడానికి ఒక చిట్కా ఉంది. రాళ్లకు డబ్బు వేసేటప్పుడు క్యారెట్లలో వేస్తారు, బరువు తీసేసేటప్పుడు గ్రాముల్లో తీసేస్తారు. ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టండి. డబ్బు 40 క్యారెట్లకు వేసి, తీసివేత 25 క్యారెట్లకే చేశారంటే గొడవ పడక్కర్లేదు, "ఈ రెండూ ఒకటి కావాలి కదండీ" అని వేలు పెట్టి చూపిస్తే చాలు.

కుందన్, జడావు నగల్లో ఇంకో బరువుంది, లక్క. రాయి కింద నింపిన లక్క కొన్నప్పుడు మొత్తం బరువులో కలిసిపోతుంది, అమ్మేటప్పుడు మాత్రం గుర్తొచ్చి తీసేస్తారు. లక్క ఎంత అని కొనేటప్పుడే అడిగి, దాన్ని కూడా తీసేసి నెట్ వేయించండి. "అది అంచనా మాత్రమే మేడం" అంటే ఆ అంచనానే బిల్లు మీద రాయమనండి.

కాటా దగ్గర చెక్‌లిస్టు:

- నగ పెట్టకముందు కాటా సున్నా చూపుతోందా
- దారం, ట్యాగ్ తీసేసి తూచారా
- రాళ్ల బరువు పొదగకముందు తూచిందా, సగటు అంచనానా
- పూసల గుత్తులు, ముత్యాల వరసలు విడదీయగలిగితే విడిగా తూచారా
- తరుగు శాతం నెట్ మీదా, గ్రాస్ మీదా

6. హాల్‌మార్క్, బిల్లు

హాల్‌మార్క్ బంగారం గురించి మాత్రమే చెప్తుంది. దాని పక్కనున్న రాయి గురించి ఒక్క మాట చెప్పదు. "హాల్‌మార్క్ నగ కదా, రాళ్లు కూడా గ్యారంటీ" అని ఎవరన్నా నమ్మొద్దు.

గుర్తులో మూడు ఉండాలి: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) త్రికోణం, స్వచ్ఛత అంకె, హెచ్‌యూఐడీ అంటే ఆ ఒక్క నగకే ఇచ్చే ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు నంబరు. 22 క్యారెట్లకు 916, 18కి 750, 14కి 585. రవ్వల నగలు ఎక్కువగా 18 క్యారెట్లలో చేస్తారు, వాటికి 22 రేటు వేయలేదు కదా చూసుకోండి. ఆ ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ లేని నగను హాల్‌మార్క్ నగగా అమ్మకూడదని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన. బీఐఎస్ కేర్ యాప్‌లో నంబరు కొడితే అది ఏ వస్తువు, ఎంత స్వచ్ఛత అన్నది వస్తుంది. మీ చేతిలో హారం ఉండి యాప్‌లో ఉంగరం అని చూపిస్తే అక్కడే ఆగండి.

కుందన్, పోల్కీ (సానపట్టని రవ్వలు పొదిగినవి), జడావు నగలకు ఈ తప్పనిసరి హాల్‌మార్కింగ్ నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి వాటికి బిల్లే ఆధారం. అందులో బంగారం ఎన్ని క్యారెట్లదో స్పష్టంగా ఉండాలి.

బిల్లులో ఉండాల్సినవి:

- బంగారం స్వచ్ఛత, నెట్ బరువు, ఆ రోజు రేటు
- తరుగు, మజూరీ విడివిడిగా
- ప్రతి రకం రాయికి పేరు, సంఖ్య, క్యారెట్ బరువు, క్యారెట్ ధర
- ఆ రాయి సహజమా, మెరుగుపరచిందా, తయారు చేసిందా అన్న మాట
- హెచ్‌యూఐడీ, హాల్‌మార్కింగ్ చార్జీ, జీఎస్టీ
- తిరిగి ఇస్తే బంగారానికి ఎంత, రాళ్లకు ఎంత అన్న షరతు

చివరిదాన్ని మొహమాటపడి అడగరు. మొదట్లో చెప్పిన హారం ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. రవ్వలకు చాలా షాపులు ఏదో ఒక శాతం తిరిగి ఇస్తామంటాయి. చిన్న కెంపులు, సీజెడ్ రాళ్లు, పూసలకు సాధారణంగా సున్నా. అది ముందే తెలిస్తే రాళ్ల ఖర్చును ముచ్చటకు పెట్టిన ఖర్చుగా రాసుకుంటారు, దాచుకున్న సొమ్ముగా కాదు. "జీఎస్టీ లేకుండా చేసిస్తాం, కాగితం మీద రాసిస్తాం" అంటే ఈ ఆధారాలన్నీ వదులుకున్నట్టే.

7. ల్యాబ్ రిపోర్టు ఎప్పుడు, ఎలా చదవాలి

ఒక్క రాయి ధరే నగ బంగారం ధర కన్నా ఎక్కువైతే రిపోర్టు తప్పనిసరి. చిన్న చిన్న కెంపులు నలభై ఉన్న హారానికి అక్కర్లేదు.

షాపువాళ్లు సొంతంగా అచ్చువేసిన రంగురంగుల కార్డు రిపోర్టు కాదు. జీఐఏ, ఐజీఐ, జైపూర్‌లో జీజేఈపీసీ (రత్నాలు, నగల ఎగుమతి ప్రోత్సాహక మండలి) పెట్టిన, ఒకప్పుడు జెమ్ టెస్టింగ్ లేబరేటరీ అని పిలిచిన ఐఐజీజే-ఆర్‌ఎల్‌సీ లాంటి, అమ్మకంతో సంబంధం లేని ల్యాబ్‌ది కావాలి. నంబరును ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. బరువు, కొలతలు మీ చేతిలోని రాయితో సరిపోవాలి. పెద్ద వజ్రాలకు చాలాసార్లు అంచు మీద ఆ నంబరు లేజర్‌తో చెక్కి ఉంటుంది, లూప్‌లో కనిపిస్తుంది.

రిపోర్టులో పైన ఉన్న పేరు చదివి ఆగిపోతారు అందరూ. "నేచురల్ రూబీ" అని ఉంటుంది, సంబరపడతారు. కింద "కామెంట్స్" గడి చదవండి. కాల్చారా, గాజు నింపారా, నూనె ఎంత అన్నది అక్కడుంటుంది. గాజు నింపిన సంగతి రాసి ఉంటే పైన ఏ పేరున్నా ధర మారిపోవాలి.

పొదిగిన రాయిని ల్యాబ్ పూర్తిగా పరీక్షించలేదు. అందుకే ఖరీదైన రాయిని ముందు విడిగా కొని, రిపోర్టు తీసి, తర్వాత పొదిగించుకోవడం మంచిది.

8. ముత్యాలకు వేరే లెక్క

హైదరాబాద్ వెళ్లే బంధువులకు చార్మినార్ పక్కన పత్తర్‌గట్టిలో ముత్యాలు తెమ్మని చెప్పడం మనకు మామూలే. ఇప్పుడక్కడ ఎక్కువగా దొరికేవి చైనాలో మంచినీటి ఆల్చిప్పల్లో పెంచినవి. అవి కూడా అసలు ముత్యాలే. "సముద్రంలో దొరికిన సహజ ముత్యాలు" అని చెప్పి మంచినీటి వాటిని అమ్మితేనే మోసం.

చూడాల్సిన వరుస:

- రెండు ముత్యాల్ని ఒకదానితో ఒకటి మెల్లగా రాయండి. సన్నటి ఇసుకలా గరగర తగిలితే ముత్యం. జారిపోతే ప్లాస్టిక్కో పూత పూసిన గాజో.
- రంధ్రం దగ్గర లూప్ పెట్టండి. పూత పెచ్చులా లేచి ఉంటే నకిలీ. రంగు అక్కడ ముదురుగా పేరుకుంటే రంగు వేసినవి.
- వరసంతా అచ్చుపోసినట్టు ఒకేలా ఉండి ధర తక్కువైతే అనుమానించండి.
- "షెల్ పెర్ల్" అంటే పూత పూసిన పూస, ముత్యం కాదు.

లైటర్ వెలిగించి "చూడండి, కాలలేదు" అని చూపించే ప్రదర్శన ఉంది. అది ప్లాస్టిక్ కాదని మాత్రమే చెప్తుంది. మీ ఇంటి ముత్యాల మీద ఆ ప్రయోగం చేయకండి, వేడికి పై పొర దెబ్బతింటుంది.

పెద్ద ముత్యాలైతే ఒక్కోదాని మధ్య ముడి వేయించండి. దారం తెగినా ఒక్కటే జారుతుంది, ఫంక్షన్ హాలంతా పాకుతూ వెతుక్కోవాల్సిన పని ఉండదు. తరచుగా పెట్టుకునేదైతే ఏడాదికో రెండేళ్లకో దారం మార్పించండి.

9. కడగడం, దాచడం

మన ఇళ్లలో బంగారం ఏదైనా కుంకుడు రసంలో వేసి బ్రష్‌తో రుద్దేస్తాం. ఒట్టి బంగారానికి అది బాగానే ఉంటుంది. అమ్మ పచ్చ ఉంగరాన్ని నేను అలాగే వేడి కుంకుడు నీళ్లలో రాత్రంతా వదిలేశాను. పొద్దున్నకల్లా రాయిలో తెల్లటి గీతలు తేలాయి. కొత్తగా పగిలిందని భయపడ్డాను. పగుళ్లు ఎప్పటివో, వాటిని కప్పిన నూనె కరిగిపోయింది, అంతే. మళ్లీ నూనె పట్టించాక చాలావరకు సర్దుకుంది. అమ్మ మాత్రం దాన్ని ఇప్పటికీ నా చేతికి ఇవ్వదు.

ఏది ఎలా:

- వజ్రం, కెంపు, నీలం, వెనక తెరిచి ఉన్నవి: గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల మెత్తటి సబ్బు, పిల్లల టూత్‌బ్రష్. వెనక వైపు రుద్దండి, జిడ్డు చేరేది అక్కడే.
- పచ్చ: తడి గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టండి. వేడి నీళ్లు వద్దు.
- గాజు నింపిన కెంపు: తడి గుడ్డ మాత్రమే. నిమ్మకాయ, చింతపండు దగ్గరికి రానీయొద్దు.
- ముత్యం, పగడం: పెట్టుకుని తీశాక మెత్తటి తడి గుడ్డతో తుడవండి. నానబెట్టొద్దు, దారం సాగుతుంది. పులుపు తగిలితే పై పొర కరుగుతుంది.
- కుందన్, మూత సెట్టింగ్, లక్క ఉన్నవి: నీళ్లే వద్దు. లోపలికి తేమ వెళ్తే రేకు నల్లబడి రాయి చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. పొడి మెత్తటి బ్రష్ చాలు.

షాపుల్లో అల్ట్రాసోనిక్ మెషీన్‌లో ఉచితంగా కడిగిస్తామంటారు. పచ్చ, ముత్యం, పగడం, గాజు నింపిన రాళ్లు ఉంటే వద్దని చెప్పండి.

పెట్టుకునే వరుస కూడా ముఖ్యమే. పౌడరు, సెంటు, హెయిర్ స్ప్రే అయ్యాక చివర్న నగలు. తీసేటప్పుడు మొదట నగలు.

దాచేటప్పుడు ఒక్కో నగకు ఒక్కో మెత్తటి గుడ్డ సంచి. రవ్వల గాజుల పక్కన ముత్యాల దండ వేస్తే గీతలు ముత్యాలకే. ముత్యాల్ని గాలి చొరని ప్లాస్టిక్ కవర్లో ఏళ్ల తరబడి లాకర్‌లో వదిలేయొద్దు, అప్పుడప్పుడు తీసి పెట్టుకోండి.

10. రిపేరుకు ఇచ్చేటప్పుడు

ఉంగరం సైజు పెంచడం, గొలుసు అతకడం, చాలావరకు మంటతోనే. రాయి ఉండగా మంట పెడితే పచ్చ పగలొచ్చు, ముత్యం మాడొచ్చు, గాజు నింపిన కెంపు పాడైపోవచ్చు. "రాయి తీసి చేస్తారా, ఉండగానే చేస్తారా?" అన్నది మొదటి ప్రశ్న. తీసి మళ్లీ పొదగడానికి అయ్యే ఖర్చు మీరే ఇస్తామనండి. బేరం చేస్తే రాయి తీయకుండానే కానిచ్చేస్తారు.

ఇచ్చే ముందు ఇవి చేయండి:

1. నగను ముందు, వెనక, దగ్గరగా ఫొటోలు తీయండి. లూప్ మీద ఫోన్ కెమెరా ఆనించి రాయి లోపలి గీతలు కూడా తీయండి. ఏ రెండు సహజ రాళ్లలోనూ ఆ గీతలు ఒకేలా ఉండవు.
2. రాళ్లు లెక్కపెట్టి, ఊడినవి ఎన్నో రాసుకోండి.
3. మీ ఎదురుగా తూయించి గ్రాస్ బరువు రసీదు మీద రాయించండి. "కెంపుల ఉంగరం ఒకటి" అన్నంత మాత్రం రాస్తే చాలదు. రాళ్ల సంఖ్య, రంగు, రిపోర్టు ఉంటే దాని నంబరు కూడా ఉండాలి.
4. తెలిసిన ఆచారి గారైనా సరే రసీదు అడగండి. "మా నాన్నగారికి చూపించాలండీ" అంటే ఎవరూ తప్పుగా అనుకోరు.

తిరిగి తీసుకునేటప్పుడు మళ్లీ తూయించి, ఫొటోలతో పోల్చి, చెవి దగ్గర ఊపి చూసి అప్పుడు డబ్బివ్వండి. బరువు పెరిగితే కలిపిన బంగారానికి లెక్క అడగండి. తగ్గితే ఏ ముక్క కోశారో ఆ ముక్క ఇమ్మనండి.